ఆగుదాంగారి సముద్రం

సముద్ర పరిశోధన సంస్థలో మూడో అంతస్తు చివరి గదిలో ఉండే ప్రొఫెసరుగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఒకటే అయితేనేం, పదిమందికి సరిపడా అలవాటు. ఏ వస్తువు గురించైనా, ఏ మనిషి గురించైనా, అది కుదురుకునేదాకా ఆయన అభిప్రాయం చెప్పేవారు కాదు. "ఎలా ఉంది సార్?" అని అడిగిన పాపానికి ఎవరికైనా దొరికేది ఒకటే జవాబు. "ఆగుదాం. ఇంకా కుదురుకోలేదు."

ఈ మాట అనీ అనీ ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. డైరెక్టరు దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ ఆయన ఆగుదాంగారే. ఆ పేరు మీకు నచ్చిందా సార్ అని ఎవరో ధైర్యం చేసి అడిగితే, కాసేపు ఆలోచించి, దానికీ అదే జవాబు ఇచ్చారు.

కాంటీన్ టీ కప్పు ముందుకు రాగానే చెంచాతో గిర్రున ఒక్కసారి తిప్పి వదిలేసేవారు. అడుగున టీపొడి మధ్యకు చేరి, సద్దుమణిగి, కదలకుండా కూర్చునేదాకా కన్నార్పకుండా చూసేవారు. ఈలోగా పైన మీగడ కట్టేది.

"చల్లారిపోయింది సార్, తాగేయండి."

"పైన చల్లారింది. అడుగున సంగతి మనకేం తెలుసు?"

ఒకసారి కొత్త బూట్లు కొనుక్కోవడానికి వెళ్ళారు. పొద్దున పదింటికి తొడుక్కుని, దుకాణంలోనే ఆ గోడ నుంచి ఈ గోడకు నడవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి దుకాణదారు విసిగి కుర్చీలో కూలబడ్డాడు. సాయంత్రానికి లోపలికొచ్చిన జనం ఆయన్నే అమ్మేవాడనుకుని సైజులు అడగసాగారు. ఆయన మొహమాటానికి రెండు జతలు అమ్మిపెట్టారు కూడా. తన జత మాత్రం కొనలేదు. ఎడమకాలిది ఇంకా కుదురుకోలేదట.

ఆయన భార్య ఆ సంస్థ లైబ్రరీలోనే పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ పెళ్ళి కథ ఆవిడ నోటే వినాలి. "వారం వారం వచ్చి అదే పుస్తకాన్ని మళ్ళీ తన పేర రాయించుకునేవారమ్మా. పద్నాలుగుసార్లు రాశాను. అది చేపల గుడ్ల మీద పుస్తకం. ఈయనకీ చేపలకీ ఏం సంబంధం? ఈయన నోరు విప్పేలోపు నాకు జుట్టు నెరిసిపోతుందని, పదిహేనోసారి నేనే అడిగేశాను, పెళ్ళి చేసుకుంటారా అని."

"ఏమన్నారు ఆంటీ?"

"ఏమంటారు? పుస్తకం గడువు ఇంకో వారం పొడిగించమన్నారు."

అలాగని ఆయన్ని మందమతి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ప్రపంచంలో సముద్రపు ప్రవాహాలను లెక్కగట్టే వాళ్ళెవరూ ఆయన రాసిన ఒక్క పేపరును దాటి ముందుకు పోలేరు. కంప్యూటర్లో సముద్రాన్ని కట్టడమంటే ముందు దాన్ని గళ్ళకాగితంలా గడులుగా కోయాలి. ప్రతి గడికీ లోతు, వేడి, ఉప్పు ఇవ్వాలి. నిశ్చలంగా ఉన్న ఆ నీళ్ళ మీదికి గాలిని వదలాలి, ఎండను వదలాలి. అప్పుడు నీళ్ళు కదులుతాయి. చల్లబడి బరువెక్కిన నీరు అడుగుకు దిగి, నేల వెంబడి పాకి, ఎక్కడో పైకి తేలి, మళ్ళీ బయలుదేరిన చోటికి వస్తుంది. ఆ ఒక్క చుట్టుకి వెయ్యేళ్ళ పైన పడుతుంది.

ఆయన కుర్రతనంలో పెద్ద పెద్దవాళ్ళంతా తమ మోడళ్ళను, అంటే ఈ కంప్యూటరు సముద్రాలను, లెక్కలో వందేళ్ళు నడిపి, చూశారా ప్రవాహం పెరుగుతోంది అని చాటింపు వేసేవారు. మన ఆగుదాంగారు ఆ మోడళ్ళనే తీసుకుని రెండువేల ఏళ్ళు నడిపారు. వందో ఏట పెరిగిన ప్రవాహం రెండువేలవ ఏటికి తగ్గి కూర్చుంది. ఉపరితలం కుదురుకున్నంత మాత్రాన అడుగు కుదురుకున్నట్టు కాదని పదకొండు పేజీల్లో రాశారు. రాయడానికి నెల పట్టింది, పంపడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అది అచ్చయ్యాక ఎన్నో సంస్థలు పాత లెక్కలు చెత్తబుట్టలో వేసి మళ్ళీ మొదలెట్టాయి. నాలుగువేల పేపర్లలో దాన్ని ఉటంకించారు. ఎంతకాలం నడిపాక ఫలితాన్ని నమ్మవచ్చో చెప్పే ఆయన కొలత ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. ఒక పెద్ద శాస్త్రవేత్త పదేళ్ళు ఆయనతో హోరాహోరీ పోట్లాడి, చివరికి "మీరే గెలిచారు" అని ఉత్తరం రాశాడు. "ఇంకో అయిదువందల ఏళ్ళు నడిపి చూసి చెప్పండి" అని ఈయన జవాబు రాశారు.

ఇంత పేరున్న మనిషి దగ్గర పనిచేసే అదృష్టం పట్టిందని ఎగిరి గంతేసిన పిల్ల ఒకర్తె ఉంది. చేరిన రోజున ఆయన "కొత్తమ్మాయి" అన్నారు. మూడేళ్ళు కావస్తున్నా ఆయనకు ఆమె కొత్తమ్మాయే. ఆయన అన్నారు కాబట్టి సంస్థ మొత్తానికి కొత్తమ్మాయే. ఆమె తర్వాత చేరినవాళ్ళు కూడా "కొత్తమ్మాయిగారూ, ఈ లెక్క ఎలా చేయాలండీ?" అని వచ్చి అడిగేవారు.

ఆ సంస్థలో ఒక నిబంధన ఉంది. కొత్తగా చేరినవాళ్ళు చేసిన మొదటి రన్, అంటే కంప్యూటరులో మొదటిసారి సముద్రాన్ని నడపడం, పూర్తయ్యాక, దాని ఫలితాన్ని చూసి, గైడు ఒక నివేదిక రాయాలి. బాగుందని రాస్తే ఉద్యోగం ఖాయం. బాగాలేదని రాస్తే ఇంటికి. అందరికీ ఏడాది తిరిగేసరికి తేలిపోయే వ్యవహారం ఇది. కొత్తమ్మాయికి మాత్రం మూడేళ్ళయినా తేలలేదు. ఆర్నెల్లకోసారి పొడిగింపు కాగితం వచ్చేది. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఒళ్ళు మండినా నోరు మెదపకపోవడానికి కారణం ఉంది. మొదటి ఏడాది ఆమె చేసిన తప్పు అలాంటిలాంటిది కాదు.

గడులుగా కోసినప్పుడు సన్నటి జలసంధులు పోతాయి. గడి పెద్దది, జలసంధి చిన్నది. చుట్టుపక్కల నేలతో కలిపి సగటు తీసేసరికి కంప్యూటరు అక్కడ నీళ్ళే లేవంటుంది. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళు కూర్చుని ఒక్కొక్క జలసంధినీ చేత్తో తవ్వుతారు. తవ్వడమంటే పార పట్టుకుని కాదు, ఆ గడిలో అంకె మార్చడం. ఇంకో పని కూడా ఉంటుంది. సముద్రపు నేల మరీ నిటారుగా ఉంటే లెక్కలు వెర్రెత్తి పోతాయి కాబట్టి దాన్ని కాస్త నునుపు చేయాలి. ముందు నునుపు చేయాలి, తర్వాత తవ్వాలి. కొత్తమ్మాయి ముందు తవ్వింది, తర్వాత నునుపు చేసింది. రెండు మహాసముద్రాలను కలిపే ఒక జలసంధి నిశ్శబ్దంగా పూడుకుపోయింది.

ఆ పూడుకుపోయిన సముద్రాన్ని పెద్ద కంప్యూటరు మీద, వారానికొక రోజు దొరికే తన వంతులో, పదకొండు నెలలు, మోడల్ లెక్కలో మూడువందల ఏళ్ళు నడిపింది. ఎవరూ కనిపెట్టలేదు. ఒకరోజు పొద్దున ఏదో అంకె తేడాగా ఉందని వెతుక్కుంటూ పోయి ఆమే కనిపెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా తిన్నగా మూడో అంతస్తుకి పరుగెత్తింది.

"సార్, జలసంధి మూసేశాను."

ఆయన టీపొడి వైపు చూస్తున్నవారు తలెత్తారు. "ఏది?"

చూపించింది. ఆయన చాలాసేపు చూశారు. తిడతారనుకుంది. తిడితే బాగుండేది కూడా.

"తవ్వెయ్" అన్నారు.

"తవ్వి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టనా సార్?"

"మొదట్నుంచా? ఎందుకూ? ఆ గడిలో అంకె మార్చు. రన్ ఆపకు. ఉన్నచోట నుంచే నడవనీ."

ఇదేం చోద్యం అనుకుంది కొత్తమ్మాయి. మూడువందల ఏళ్ళు తప్పుదారిలో పోయిన సముద్రాన్ని అలాగే నడిపిస్తే దేనికి పనికొస్తుంది? పెద్ద కంప్యూటరు మీద ఆమె వంతు కూడా అయిపోయింది. ఆయన నేలమాళిగలోని పాత సామాన్ల కుప్పలోంచి మూడు ముసలి కంప్యూటర్లు ఏరుకొచ్చి, తీగలతో ముడేసి, తన బల్లకింద పెట్టుకున్నారు. అవి రోజుకి రెండేళ్ళ చొప్పున ఆ సముద్రాన్ని నడిపేవి. చలికాలం వాటి వేడికి కాళ్ళు హాయిగా ఉండేవి. ఎండాకాలం ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కూర్చునేవారు. అలా మడుచుకునే ఒకసారి, అవార్డు ఇవ్వడానికి వచ్చిన పెద్దమనుషులకు ఎదురెళ్ళారు.

కొత్తమ్మాయి వేరే చిన్న లెక్కలు చేసుకుంటూ ఉండేది. నెలకోసారి నివేదిక సంగతి అడిగేది. "ఆగుదాం" అనేవారు. ఇంటి నుంచి అన్నయ్య ఫోన్ చేసేవాడు.

"ఏమేవ్, ఖాయం చేశారా?"

"ఇంకా లేదురా."

"మూడేళ్ళు! ఏనుగు కూడా ఈపాటికి ఈనేసి ఉండేది. బీమా కంపెనీలో లెక్కలొచ్చినవాళ్ళు కావాలంటున్నారు. సోమవారం చేరాలి. మళ్ళీ ఇలాంటిది రాదు, చెబుతున్నా."

సముద్రాన్ని వదిలి బీమా లెక్కలు చేయడమంటే ఆమెకు ప్రాణం పోయినంత పని. కానీ మూడేళ్ళ గడువు ఆ శుక్రవారంతో ముగుస్తోంది. ఆ తర్వాత పొడిగింపు లేదు. అయిదింటిలోపు నివేదిక అందకపోతే పోస్టు దానంతటదే రద్దు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరిసారిగా వెళ్ళి అడిగింది. ఆయన తెర మీద గీతను చూస్తున్నారు.

"సార్, మంచో చెడో ఏదో ఒకటి రాసేయండి. బాగాలేదని రాసినా సరే."

"ఇంకా కుదురుకోలేదమ్మా. ఆగుదాం."

మూడేళ్ళుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. "మీరాగండి సార్! మీకేం, వెయ్యేళ్ళయినా ఆగుతారు. నేను నీళ్ళని కాదు!" అని అరిచి, తలుపు విసురుగా వేసి బయటికొచ్చేసింది. తలుపు వేసినందుకు ఆమెకే ఏడుపొచ్చింది.

తిన్నగా కింది అంతస్తుకి, ఫైళ్ళ గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళుగా అదే కుర్చీలో ఉన్న మనిషి. నిబంధనలు ఆయనకు కంఠోపాఠం.

"రాజీనామా ఇవ్వాలండీ."

"రాజీనామాకి నీలం ఫారం" అంటూ సొరుగు లాగి, ఆగి, ఆమె ముఖం చూశాడు. "ఆగుదాంగారి వల్లేనా? మీరనుకుంటున్నారు ఆయన మిమ్మల్నే ఆపుతున్నాడని. ఇది చూడండి."

బల్లమీద లావుపాటి ఫైలు పడింది. కొత్తమ్మాయి మీద నివేదిక ఎందుకు ఇవ్వలేదని డైరెక్టరు ఆగుదాంగారికి ఇచ్చిన మెమోలు, పద్నాలుగు. ప్రతి మెమో కింద ఆయన చేతిరాతతో ఒకటే జవాబు. మొదటి రన్ ఇంకా పూర్తికాలేదు, ఆగుదాం.

"ఇన్ని మెమోలున్నవాడికి ప్రమోషన్ ఇవ్వకూడదని నిబంధన. లేకపోతే పోయినేడు శాఖాధిపతి కావాల్సినవాడు. మొదటి రన్ ఎక్కడైనా మూడేళ్ళు నడుస్తుందా అని డైరెక్టరుగారు మొత్తుకుంటున్నారు. నాకూ అర్థం కాలేదనుకోండి."

కొత్తమ్మాయికి అర్థమైంది. మొదటి రన్ పూర్తయితేనే దాని ఫలితం మీద నివేదిక రాయాలి. ఆ రోజు రన్ ఆపి ఉంటే, మూసిన జలసంధే ఆమె మొదటి రన్ ఫలితం. పదకొండు నెలల పెద్ద కంప్యూటరు వృథా అని రాసి, ఆ వారమే ఇంటికి పంపేవారు. రన్ ఆపలేదు కాబట్టి ఆమె ఇంకా దేన్లోనూ తప్పలేదు. ఆ రన్ కోసమే ఆయన మూడు ముసలి కంప్యూటర్లను బల్లకింద పెట్టుకుని, మూడు ఎండాకాలాలు కాళ్ళు కాల్చుకున్నారు. తాను ఆయన ముఖం మీద తలుపు వేసి వచ్చింది. సిగ్గుతో ఆమెకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

నీలం ఫారం అక్కడే వదిలేసి మెట్లెక్కి పరుగెత్తింది. ఏం జరుగుతుందో చూద్దామని గుమాస్తా కూడా వెనకాలే ఆయాసపడుతూ వచ్చాడు.

గదిలో డైరెక్టరు ఉన్నారు. చేతిలో పదిహేనో మెమో.

"నాలుగున్నరయింది. అయిదింటికల్లా నివేదిక రాకపోతే ఈ అమ్మాయి పోస్టు పోతుంది. మీ మీద విచారణ వేస్తాను. ఇంక మీ ఆగుదాం నా దగ్గర చెల్లదు."

"సార్, నాకోసం మీరు..." అంటూ కొత్తమ్మాయి అడ్డొచ్చింది.

ఆగుదాంగారు ఇద్దరి మాటా వినలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని తెర మీదికి వంగారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలారు.

"కుదురుకుంది" అన్నారు.

గుమాస్తా గుమ్మం పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం అతనికి అదే మొదలు. డైరెక్టరుగారికి తన చెవుల మీద అనుమానం వచ్చింది.

"ఏమన్నారు?"

"కుదురుకుందండీ. చూడండి, గీత చదునైపోయింది. మూడువందల ఏళ్ళు జలసంధి మూసుంది. తెరిచాక అడుగునీరు మళ్ళీ తన దారి పట్టడానికి పదిహేనువందల ఏళ్ళు పట్టింది. ఒక తలుపు మూస్తే సముద్రం దాన్ని ఎంతకాలం గుర్తుంచుకుంటుందో ఇంత వివరంగా నేనెక్కడా చూడలేదు. కావాలని మూసి చూస్తామంటే మీరు కంప్యూటరు ఇచ్చేవారా? ఇచ్చేవారు కాదు. ఈ అమ్మాయి అడక్కుండానే మూసింది." అంటూ సొరుగులోంచి ఫారం తీసి, అర నిమిషంలో నింపి, సంతకం పెట్టేశారు. పెన్ను ఎంచుకోవడానికే గంట తీసుకునే మనిషి.

కొత్తమ్మాయి ఫారం వైపు చూసింది. "సార్, కాస్త ఆలోచించి రాయాల్సింది" అంది.

"ఆలోచించడానికేముంది? నీ సంగతి నాకు ఆ పొద్దున్నే తెలిసిపోయింది. పదేళ్ళయినా ఎవరూ కనిపెట్టని తప్పుని, నీ అంతట నువ్వు పట్టుకుని, మొహం కూడా కడుక్కోకుండా నా దగ్గరికి తెచ్చావు. కుదురుకోవాల్సింది నువ్వు కాదమ్మా, నీళ్ళు. ఈ ఫారంలో నీళ్ళ సంగతే అడుగుతారు. మనిషి సంగతి రాయడానికి గడి లేదు."

కొత్తమ్మాయి ఏడుస్తూ నవ్వింది. "తలుపు వేసినందుకు క్షమించండి సార్" అంది.

"తలుపేశావా? ఎప్పుడు?" అన్నారాయన.

డైరెక్టరుగారు ఫారం చదివారు, సంతకం పెట్టారు. పెట్టి వెళ్ళిపోకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయనా ఒకప్పుడు ఈ గదిలోనే ఆగుదాంగారి కింద కొత్తగా చేరినవారు.

"నన్ను కూడా రెండేళ్ళు ఆపారు మీరు. నా రన్‌లో ఏ తప్పూ లేదు. అయినా ఆపారు. ఇరవై రెండేళ్ళుగా అది నా కడుపులో రగులుతూనే ఉంది. ఎందుకాపారో ఈరోజు చెప్పాలి."

ఆగుదాంగారు ఇబ్బందిగా కదిలారు. "వీళ్ళు వెళ్ళాక చెబుతాను."

"ఇప్పుడే చెప్పండి."

"మీ దాంట్లో వాన పడితే సముద్రం ఉప్పెక్కేది."

కొత్తమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

"ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడిందండీ. నేనే సరిచేసి, ఉప్పు విరిగేదాకా నడిపించాను. రెండేళ్ళు పట్టింది."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు డైరెక్టరుగారు నీరసంగా.

"మీ అంతట మీరే కనిపెడతారేమోనని ఆగాను" అన్నారాయన, ఏ వెటకారమూ లేకుండా. "ఇంకా ఆగుతూనే ఉన్నాను."

డైరెక్టరుగారి ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, చివరికి ఏం చేయాలో తోచక నవ్వేసింది. లేచి, పదిహేనో మెమోను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. గుమ్మం దగ్గర గుమాస్తాతో అన్నారు.

"ఆ పద్నాలుగు మెమోలూ రద్దు చెయ్."

"చేస్తానండి. కానీ మెమో రద్దు చేస్తే కారణం రాయాలి, నిబంధన. ఏమని రాయమంటారు?"

డైరెక్టరుగారు వెనక్కి తిరిగి చూశారు. ఆగుదాంగారు కొత్తమ్మాయికి తెర మీద ఏదో గడి చూపిస్తున్నారు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంటోంది.

"ప్లస్ ఉన్నచోట మైనస్ చూశాను అని రాయి" అన్నారు. "కింద నా సంతకం."